అమ్మేటప్పుడు మందు, అడిగినప్పుడు ఆహారం

నా పదవీ విరమణకు ముందటి వేసవి. మహబూబాబాద్ సమీపంలోని ఒక తండా నుండి ఒక యువతి రెండేళ్ల బిడ్డను భుజాన వేసుకొని ఆసుపత్రికి వచ్చింది. బిడ్డకు రెండు రోజులుగా విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి. నాలుక ఎండిపోయింది. పొట్టమీది చర్మాన్ని పట్టి వదిలితే నెమ్మదిగా గాని సర్దుకోవడం లేదు. శరీరంలో నీరు తగ్గిపోయిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తులు అక్కరలేదు.

"ఇంటికాడ ఏమన్న తాపినవా బిడ్డా?" అని అడిగాను.

"ఓఆర్ఎస్సే తాపిన సారూ. మందుల దుకాణంల అడిగి తెచ్చిన. మూడు డబ్బాలు తాపిన. తాపినకొద్ది ఇంకింత ఎక్కువైంది" అన్నది.

సంచిలో నుండి ఖాళీ డబ్బా తీసి చూపింది. దానిమీద పండ్ల బొమ్మ, పెద్ద అక్షరాలలో ఓఆర్ఎస్ అన్న పేరు. ఒక మూలన, నా కళ్లద్దాలకే అందనంత చిన్న అక్షరాలలో, ఆంగ్లంలో ఒక వాక్యం: ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన ఓఆర్ఎస్ మిశ్రమం కాదు.

ఆమె ఏ తప్పూ చేయలేదు. మేము చెప్పినట్లే చేసింది. విరేచనాలైతే ఓఆర్ఎస్ తాగించండని దశాబ్దాల తరబడి ఊరూరా చెప్పినవాళ్లం మేమే. ఆ మాటమీద ప్రజలకు కుదిరిన నమ్మకాన్ని ఎవరో ఎత్తుకుపోయి, చక్కెర పానీయానికి అతికించి, తిరిగి ఆమెకే అమ్మారు.

ఆ బిడ్డ కోలుకున్నాడు. నా కోపం మాత్రం చల్లారలేదు. అందుకే ఈ వ్యాసం.

ఇరవై గ్రాముల విజ్ఞానం

అసలైన ఓఆర్ఎస్ ఎంత నిరాడంబరమైనదో ముందుగా చెబుతాను. లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు. మొత్తం 20.5 గ్రాములు. చిన్నప్రేగుల గోడలోని కణాలు సోడియంను, గ్లూకోజును జంటగా లోనికి తీసుకుంటాయి. వాటి వెంట నీరు కూడా రక్తంలోనికి చేరుతుంది. అందుకే ఈ రెండింటి పాళ్లు సరిగ్గా కుదరాలి. చక్కెర మితిమీరితే ప్రేగులలోని ద్రవం గాఢమై, రక్తంలోని నీటిని తనవైపు లాగుకొంటుంది. విరేచనం మరింత పెరుగుతుంది. "తాపినకొద్ది ఎక్కువైంది" అన్న ఆ తల్లి మాటలో ఉన్న శాస్త్రం ఇదే.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిపోయిన పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శిబిరంలో కలరా విజృంభించింది. ఎక్కించడానికి సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ డ్రమ్ములలో ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని బంధువుల చేతనే రోగులకు తాగించారు. నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలు నాలుగు లోపునకు దిగివచ్చాయి. ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా ఇదే అతి ముఖ్యమైన ముందడుగని 1978లో 'లాన్సెట్' పత్రిక సంపాదకీయం ప్రశంసించింది. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ ద్రావణానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. అది ఎవరి సొత్తూ కాదు గనుకనే ఆ పేరును ఎవరైనా వాడుకోవచ్చునని వ్యాపారులు భావించారు.

ఆ పేరు పెట్టుకొన్న పానీయాలు కొన్నింటిలో లీటరుకు వంద గ్రాములకు మించిన చక్కెర ఉన్నది. దీనిని ఎదిరించినది మన హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్. ఆమె పోరాటం దాదాపు ఎనిమిదేళ్లు సాగింది. భారత ఆహార భద్రత, ప్రమాణాల ప్రాధికార సంస్థ 2022 ఏప్రిల్ 8న ఆ పేరు వాడరాదన్నది. మూడు నెలలు గడిచేసరికి, జులై 14న, ఒక హెచ్చరిక వాక్యం ముద్రిస్తే వాడుకోవచ్చునన్నది. ఆ చిన్న వాక్యమే నేను ఆ తల్లి చేతిలోని డబ్బామీద చూసినది. చివరికి 2025 అక్టోబరు 14న ఆ అనుమతిని సంస్థ రద్దు చేసింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టు తలుపు తట్టాయి. అదే నెల 31న ఒక కంపెనీ వేసిన పిటిషన్‌పై ఆ న్యాయస్థానం నిషేధంలో జోక్యానికి నిరాకరించింది.

విజయమే. కాని ఒక్క పదాన్ని డబ్బామీద నుండి చెరిపించడానికి ఇన్నేళ్లు పట్టిందని గుర్తుంచుకోండి. అంగట్లో ఇలాంటి పదాలు ఇంకా చాలా ఉన్నాయి.

పేరు మారింది, డబ్బా మారలేదు

ఈ వ్యాపారపు కిటుకు ఒక్కటే: అమ్మేటప్పుడు అది మందు, అడిగినప్పుడు అది ఆహారం. దుకాణంలో మందుల అరలో ఉంటుంది. ప్రకటనలో తెల్లకోటు కనబడుతుంది. ఎత్తు పెరుగుతారని, బలం వస్తుందని, రోగనిరోధక శక్తి హెచ్చుతుందని వినబడుతుంది. రుజువు చూపమంటే మాత్రం, "ఇది ఔషధం కాదండీ, ఆహారమే" అంటారు. మందుకు ఉండవలసిన పరీక్ష దీనికి లేదు. ఆహారానికి ఉండవలసిన అగ్గువ ధరా దీనికి లేదు.

వీటిని నేడు ఫంక్షనల్ ఫుడ్స్ అంటున్నారు. కడుపు నింపడమే గాక శరీరానికి ప్రత్యేకమైన మేలు చేసే ఆహారమని భావం. ఈ ఆలోచన జపాన్‌లో పుట్టింది. ఆ దేశం 1991లో ఇటువంటి ఆహారాలకు ప్రత్యేకమైన అనుమతి విధానాన్ని ఏర్పరచింది. ఏ మేలు చేస్తుందని చెప్పదలచారో దానికి సాక్ష్యం చూపి, ప్రభుత్వ ఆమోదం పొందాకే ఆ ముద్ర వేసుకోవాలి. అక్కడ అది అర్హత. ఇక్కడ అది విశేషణం.

నిదర్శనం కావాలా? పిల్లల పాలలో కలిపే ఒక ప్రసిద్ధమైన పొడి, బోర్న్‌విటాలోని చక్కెరపై 2023లో దేశమంతటా దుమారం రేగింది. ఆ సంవత్సరాంతానికి కంపెనీ అదనపు చక్కెరను నూరు గ్రాములకు 37.4 గ్రాముల నుండి 32.2 గ్రాములకు తగ్గించింది. తగ్గించిన తర్వాత కూడా పొడిలో దాదాపు మూడవ వంతు చక్కెరే. 2024 ఏప్రిల్‌లో, చట్టంలో 'హెల్త్ డ్రింక్' అన్న నిర్వచనమే లేదు గనుక అటువంటి పానీయాలను ఆ వర్గం కింద అమ్మవద్దని ఆన్‌లైన్ అంగళ్లకు కేంద్రం సూచించింది. అదే నెలలో హార్లిక్స్ యజమాని హిందుస్థాన్ యూనిలీవర్ తన విభాగం పేరులోని 'హెల్త్' అన్న మాటను తీసివేసి, 'ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్' అని మార్చుకొన్నది.

మన ఇళ్లలో ఏమైనా మారిందా? ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోతే బ్రెడ్డు, హార్లిక్స్ సీసా తీసుకొని పోవడం మన మర్యాద. జనగామ బస్టాండు దగ్గరి దుకాణాలలో ఆ మర్యాద ఇంకా అమ్ముడవుతూనే ఉన్నది. అధికార పత్రాలలో కొట్టివేసిన మాట మన మనసులలో పదిలంగానే ఉన్నది.

భూపాలపల్లి సీసా, జనగామ షేకు

భూపాలపల్లి బొగ్గు గనుల ప్రాంతం. రాత్రి పాళీ చేసే యువకులు గుండెదడతో రావడం నేను చూశాను. ఏం తిన్నావయ్యా అంటే అన్నం తినలేదు, రెండు సీసాలు తాగాను అంటారు. ఇరవై రూపాయలకే దొరికే రంగు సీసా. పేరు 'ఎనర్జీ' పానీయం. అందులో ఉన్నది చక్కెర, కెఫీన్. మన నియమాల ప్రకారం అటువంటి పానీయంలో లీటరుకు 300 మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉండవచ్చు. అంటే ఒక పావులీటరు సీసాలో 75 మిల్లీగ్రాములు. కెఫీన్ శక్తిని ఇవ్వదు. అలసట తెలియకుండా చేస్తుంది. అలసిన ఎద్దును ములుకోలతో పొడిస్తే నాలుగడుగులు వేస్తుంది. ములుకోలను మేత అని ఎవరూ అనరు.

పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు తాగరాదని ఆ సీసామీదనే ఉంటుంది. అదీ ఆంగ్లంలోనే. బడి విడిచాక ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు ముందు నిలబడి చూడండి, ఎవరు తాగుతున్నారో తెలుస్తుంది. బడి గేటుకు 50 మీటర్ల లోపల కొవ్వు, ఉప్పు, చక్కెర అధికంగా ఉన్న పదార్థాలు అమ్మరాదని 2020 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఆ యాభై మీటర్లను కొలిచినవారెవరో నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇక జనగామ, తొర్రూరు వంటి పట్టణాలలో తెల్లవారుజామున తెరచుకొనే 'న్యూట్రిషన్ సెంటర్లు'. బరువు తూచే యంత్రం, గోడమీద సన్నబడినవారి ఫొటోలు, గ్లాసులో షేకు, ముందుగా చప్పట్లు. నాకు పరిచయమున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు అక్కడ చేరి, 'కోచ్' సలహాతో మధుమేహపు మాత్రలు మానేశారు. షేకుకు నెలకు ఏడెనిమిది వేలు ఖర్చు. మూడవ నెలలో కాలిపుండుతో వచ్చారు. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ కోచ్ మొన్నటివరకు బీమా పాలసీలు చేయించిన కుర్రవాడు. అతనిపై నాకు కోపం లేదు. కొన్నవాడు అమ్మితేనే తన ఖర్చు వెనక్కి వచ్చే ఏర్పాటులో అతడూ చిక్కుకొన్నవాడే. ఇటువంటి ఉత్పత్తులమీద 'ఔషధంగా వాడరాదు' అని ముద్రించాలని చట్టం ఉన్నది. డబ్బామీద ముద్రిస్తారు. నోటితో చెప్పేది మరొకటి.

ప్రోటీను పొడుల సంగతి మరీ విడ్డూరం. మన దేశంలో అమ్ముడవుతున్న 36 ప్రోటీను ఉత్పత్తులను పరీక్షించిన కేరళ వైద్యుల బృందం 2024లో ఫలితాలను ప్రకటించింది. దాదాపు 70 శాతం ఉత్పత్తులలో ప్రోటీను లెక్క చీటీమీద ఉన్నదానితో సరిపోలేదు. కొన్నింటిలో శిలీంధ్రాల విషాలు, పురుగుమందుల అవశేషాలు కూడా బయటపడ్డాయి. అదే సంవత్సరం మే నెలలో, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ భారతీయులకు 17 ఆహార సూత్రాలను విడుదల చేసింది. కండలు పెంచడానికి ప్రోటీను పొడులను ఆశ్రయించవద్దని, వాటిని ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడితే మూత్రపిండాలకు, ఎముకలకు హాని కలగవచ్చునని అందులో హెచ్చరించింది.

ఒక అభ్యంతరం, ఒక ఒప్పుకోలు

"డాక్టరుగారూ, మన జిల్లాలలో పోషకాహార లోపం నిజం కాదా? ఏదో ఒక రూపంలో పోషకాలు చేరితే మీకేమి బాధ?" అని ఒక మందుల దుకాణదారు నన్ను అడిగారు. న్యాయమైన ప్రశ్న. జవాబు చెబుతాను.

లోపం నిజమే. అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లలలో నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలలు దాటి అయిదేళ్లు నిండని పిల్లలలో 70 శాతం మందికి, 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం గర్భిణులకు పోషకాహార కిట్లు ఇవ్వనారంభించినప్పుడు, రక్తహీనత ఎక్కువగా ఉన్నదని ముందుగా ఎంచుకొన్న తొమ్మిది జిల్లాలలో జయశంకర్ భూపాలపల్లి ఒకటి. ఆ కిట్టులోని ఐరన్ సిరప్‌కు, నులిపురుగుల మాత్రకు నేను నమస్కరిస్తాను. అందులో కిలో పోషకాల పొడి కూడా ఉండేది. నా అభ్యంతరం దానిమీదనే. ప్రభుత్వమే చేతికిచ్చిన తర్వాత పొడి డబ్బాయే పోషణకు గుర్తుగా నిలిచిపోతుంది. కిట్టు అయిపోయిన నాడు ఆ గర్భిణి అంగడిలో వెదికేది డబ్బానే గాని గుడ్డును కాదు.

పేదవాని సంపాదనలో ఆహారానికి కేటాయించిన సొమ్ము ఒక్కటే. డబ్బాకు పోయిన రూపాయి మరొకదాని నుండి తీసినదే. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. జనగామ ప్రాంతంలో పనిచేసిన నా తొలినాళ్లలో, రక్తహీనతతో ఉన్న ఒక గర్భిణికి ఐరన్ మాత్రలతో పాటు ఒక ప్రోటీను పొడి కూడా రాశాను. కంపెనీ ప్రతినిధి ఆ వారమే వచ్చి నమూనాలు, గోడ క్యాలెండరు ఇచ్చిపోయాడు. ఆమె భర్త మార్కెట్ యార్డులో హమాలీ. రెండు నెలల తర్వాత ఆమె రక్తం పెద్దగా పెరగలేదు. విచారిస్తే తెలిసింది: డబ్బా కొనడానికి ఇంటికి తెచ్చుకొనే పాలు మానుకొన్నారు, ఒకే దుకాణంలో రెండూ కొనలేక, డబ్బా ముందు కొని, మాత్రలు తర్వాత చూద్దామనుకొన్నారు. "రెండూ మీరు రాసినవే కద సార్" అన్నాడు ఆ భర్త.

కంపెనీని నిందించడానికి ముందు నన్ను నేను నిందించుకోవాలి. నా సంతకం లేకపోతే ఆ డబ్బా ఆ ఇంటికి వెళ్లేది కాదు. నేటికీ మందుల చీటీలో ఆఖరి పంక్తిగా పొడినో టానిక్కునో చేర్చే నా తోటి వైద్యులందరికీ నా విన్నపం: ఆ పంక్తిని కొట్టివేయండి. రోగికి అది ఆఖరి పంక్తి కాదు. అన్నిటికన్నా ఖరీదైన పంక్తి.

అద్భుత ఆహారమంటూ లేదు

పట్నపు మాయ చాలు, పాతకాలపు జొన్న గటకకే తిరిగిపోదాం అంటారేమో. నేను అలా అనడం లేదు. అంబలినే 'మాల్ట్' అని, జొన్ననే 'మిల్లెట్ మిక్స్' అని అందమైన సంచిలో పోసి పదింతల ధరకు అమ్మేవారు కూడా ఈ వ్యాపారులలో ఒకరే. చిరుధాన్యపు బిస్కెట్టు కొంటే చీటీలో గోధుమపిండి, చక్కెర, నూనె ఎన్నవ స్థానంలో ఉన్నాయో చూడండి. పదార్థాలను బరువు తగ్గే క్రమంలో రాయాలన్నది నియమం. ముందున్నదే ఎక్కువగా ఉన్నది.

జొన్నను దేవతను చేయవలసిన పని కూడా లేదు. ఏడాదంతా జొన్నమీదనే బతికిన దక్కను పేదలలో పెల్లాగ్రా అనే చర్మవ్యాధి కనిపించేది. డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదు సంస్థలోనే దీనిని పరిశోధించారు. ఒక్క ధాన్యం చాలదు. గటకకు తోడు పప్పు, పుంటికూర, గంగవాయిలి కూర, వేసిన పల్లీలు, వీలైతే గుడ్డు, పాలు కావాలి. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల ప్రోటీను. నూరు గ్రాముల పల్లీలలో సుమారు ఇరవై అయిదు గ్రాములు. కేసముద్రం మార్కెట్‌కు పెసర్లు, కందులు తెచ్చి అమ్ముకొనే రైతు, ఆ డబ్బుతో బిడ్డకు ప్రోటీను డబ్బా కొనడం చూస్తే నవ్వాలో ఏడ్వాలో తెలియదు. 2015 నుండి అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తున్నారు. దానికి ప్రకటన లేదు గనుక గౌరవమూ లేదు.

మనం అడగవలసినవి

మొదటిది, హెచ్చరికలు తెలుగులో ఉండాలి. ఆహారపు చీటీలు ఆంగ్లంలోగాని హిందీలోగాని ఉంటే చట్టానికి చాలు. మన తల్లులకు చాలదు. తండాలోని తల్లికి ఓఆర్ఎస్ అన్న అక్షరాలు బొమ్మలాగా గుర్తున్నాయి. కింద రాసిన వాక్యం ఆమెకు లేనట్టే. అమ్మే మాటకు ఎంత అక్షరమో, హెచ్చరించే మాటకూ అంత అక్షరం ఉండాలి.

రెండవది, మూడు జిల్లాల ఆహార భద్రత అధికారులు బడుల ముందు ఆ యాభై మీటర్లను కొలవాలి. గ్రామ సభలో ఈ మాట అడగండి.

మూడవది, వ్యాధి తగ్గుతుందని చెప్పి ఆహారాన్ని అమ్మడం చట్టవిరుద్ధం. అలా ఎవరైనా చెబితే రాసిమ్మని అడగండి. ఎవరూ రాసివ్వరు. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. ఏ కోచ్ చెప్పినా మీ మాత్రలు మాత్రం మానవద్దు.

నాలుగవది, ఇంట్లో ఇప్పుడే చేయదగినది. ఆశా కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ పొట్లం ఉచితంగా దొరుకుతుంది. దానిమీద రాసినన్ని నీళ్లలో మొత్తం పొట్లం కలిపి, 24 గంటలలోగా వాడి, మిగిలినది పారబోయండి. రెండేళ్ల లోపు బిడ్డకు ప్రతి విరేచనం తర్వాత 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పైబడిన పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు, చెంచాతో కొద్దికొద్దిగా. పొట్లం దొరకని వేళ, కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమంగా కొలిచిన ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు. తల్లిపాలు ఆపవద్దు. వైద్యుని అడిగి 14 రోజులు జింక్ ఇవ్వండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపొండి.

ఇంటికి వెళ్లేనాడు ఆ తండా తల్లి చేతిలో నాలుగు పొట్లాలు పెట్టి, కలిపే పద్ధతి రెండుసార్లు చేయించాను. పొట్లాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇది పైసలు లేకుంటనే ఇస్తరా సారూ? మరి దీని గురించి టీవీల చెప్పరేంది?" అని అడిగింది. ఆనాడు నేను సమాధానం చెప్పలేదు, వరుసలో ఇంకా చాలామంది ఉన్నారు. ఈనాడు చెబుతున్నాను, తల్లీ. అది ఉచితం గనుకనే చెప్పరు. చెప్పవలసినవాళ్లం మేమే.